విక్టోరియా కాలం రచయిత్రులు: ఇంటి పనుల మధ్య ఎప్పుడు రాసుకున్నారు?

మల్లెపందిరి (రాజమండ్రి) | శనివారం, రాత్రి 10:12

అందరికీ నమస్కారం. పోయిన నెల మా అమ్మకి శుక్లం ఆపరేషన్ అయింది. ఆపరేషన్ ఎంతసేపో పట్టలేదు గానీ, తర్వాత వేళకి చుక్కల మందు వెయ్యడం, అమ్మ కన్ను నలపకుండా కాపలా కాయడం నా పనే. బ్యాంకుకి వారం సెలవు పెట్టాను. అమ్మ నిద్రపోయినప్పుడల్లా మంచం పక్కన కుర్చీలో కూర్చుని ఫోన్లో షార్లెట్ బ్రాంటీ నవల ‘జేన్ ఐర్’ చదివాను.

డిగ్రీలో ఇది మాకు నాన్ డీటెయిల్డ్. అప్పుడు గైడు చదివి పాసయ్యాను తప్ప పుస్తకం తెరవలేదు. ఇప్పుడు నలభై మూడేళ్ళకి చదివాను. జీతానికి పిల్లకి చదువు చెప్పే అమ్మాయి, యజమాని ఎదురుగా నిలబడి నేను పేదదాన్నని నాకు మనసు లేదనుకున్నారా అని అడిగే చోట ఫోను పక్కన పెట్టేసి కాసేపు అలాగే కూర్చుండిపోయాను.

నా ప్రశ్న ఒకటే. షార్లెట్ బ్రాంటీ అయినా, ఆ కాలంలో రాసిన మిగతా ఆడవాళ్ళయినా అసలు ఎప్పుడు రాసుకున్నారు? ఎక్కడ కూర్చుని రాశారు? వచ్చిన డబ్బు ఎవరి చేతికి వెళ్ళింది? కథల సారాంశాలు నెట్‌లో బోలెడు దొరుకుతున్నాయి. ఇది మాత్రం ఎవరూ చెప్పట్లేదు. తెలిసినవాళ్ళు చెప్పండి.

ఓరుగల్లు మేష్టారు (హనుమకొండ) | శనివారం, రాత్రి 11:05

అమ్మగారికి ఇప్పుడెలా ఉందమ్మా? మీరు రాసింది చదివి నాకు ఒళ్ళు జలదరించింది. మీకు తెలుసో లేదో, ‘జేన్ ఐర్’ మొదలైంది సరిగ్గా అలాంటి కుర్చీలోనే.

1846 ఆగస్టులో షార్లెట్ తండ్రిని శుక్లం ఆపరేషన్‌కి మాంచెస్టర్ తీసుకెళ్ళింది. ఆయన పేరు పాట్రిక్ బ్రాంటీ, హవర్త్ ఊళ్ళో చర్చి ఫాదర్. చూపు దాదాపు పోయింది. మత్తుమందు లేదు. ఈథర్ మత్తుని బోస్టన్‌లో నలుగురి ముందు చూపించింది ఆ ఏడాది అక్టోబరులో. అంటే ఈయన రెండు నెలల ముందే కన్ను కోయించుకున్నారు, మెలకువగానే. పావుగంట పట్టింది. షార్లెట్ ఆ గదిలోనే ఉంది. తర్వాత కొన్ని వారాలు ఆయన కళ్ళకి గంతలతో చీకటి గదిలో కదలకుండా పడుకోవాలి.

ఆపరేషన్ రోజే ఆమె మొదటి నవల ‘ది ప్రొఫెసర్’ రాతప్రతి అచ్చు వెయ్యలేమంటూ తిరిగొచ్చింది. ఆ అద్దె ఇంట్లో, నాన్న పక్క గదిలో పడుకుని ఉండగా, ఆమె ‘జేన్ ఐర్’ రాయడం మొదలుపెట్టింది. పుస్తకం చివర ఆ యజమాని రోచెస్టర్ చూపు పోవడం, కొంత తిరిగిరావడం మీరిప్పుడే చదివారు కదా. మళ్ళీ ఒకసారి చూడండి.

ఆ ‘ది ప్రొఫెసర్’ పాపం ఎక్కడికి పంపినా వెనక్కే వచ్చేది. అదే కాగితంలో మళ్ళీ చుట్టి, పాత పబ్లిషర్ పేరు కొట్టేసి, కింద కొత్త పేరు రాసి పంపేదామె. స్మిత్ ఎల్డర్ కంపెనీ యజమాని చేతికి వచ్చేసరికి ఆ పొట్లం మీద అలా కొట్టేసిన పేర్లన్నీ కనిపిస్తున్నాయట. వాళ్ళు కూడా వెయ్యలేదు గానీ, ఇంకోటి ఉంటే పంపమని మర్యాదగా రెండు పేజీల ఉత్తరం రాశారు. ‘జేన్ ఐర్’ పూర్తిచేసి పంపింది. 1847 అక్టోబరులో అచ్చయింది.

లీడ్స్ తెలుగమ్మాయి | ఆదివారం, తెల్లవారి 2:40

నేనుండేది హవర్త్‌కి గంట దూరంలో. ఎన్నిసార్లు వెళ్ళానో లెక్క లేదు. ఎక్కడ కూర్చుని రాశారని అడిగారు కాబట్టి కళ్ళతో చూసింది చెప్తాను.

అది పెద్ద ఇల్లేం కాదు. గుమ్మం దాటగానే ఎడమవైపు భోజనాల గది. మధ్యలో మడతపెట్టే చెక్క బల్ల. దాని మీద సిరా మరకలు ఇప్పటికీ ఉన్నాయి. మధ్యలో కొవ్వొత్తికి కాలిన మచ్చ. ఒకచోట ‘ఈ’ అనే ఇంగ్లీషు అక్షరం గీకి ఉంది. షార్లెట్ చెల్లెలు ఎమిలీయే గీకిందో ఇంకెవరో, ఆ అక్షరం దగ్గర మాత్రం నేను ఎప్పుడూ ఆగిపోతాను. అన్నం తినేదీ, కుట్టుపని చేసేదీ, ఎమిలీ ‘వుదరింగ్ హైట్స్’ రాసిందీ ఆ బల్ల మీదే. ఎవరికీ విడిగా రాసుకునే గది లేదు.

రాత్రి ప్రార్థన అయ్యాక, నాన్న పైకి వెళ్ళి పడుకున్నాక షార్లెట్, ఎమిలీ, ఆన్ ముగ్గురూ ఆ బల్ల చుట్టూ తిరుగుతూ ఆ రోజు రాసింది ఒకరికొకరు చదివి వినిపించుకునేవాళ్ళు. తర్వాత చెల్లెళ్ళిద్దరూ పోయారు. షార్లెట్ మాత్రం ఆ అలవాటు మానలేదు. ఒక్కతే రాత్రుళ్ళు బల్ల చుట్టూ నడిచేది. ఆ అడుగుల చప్పుడు వింటుంటే గుండె తరుక్కుపోయేదని పనమ్మాయి మార్తా చెప్పుకుంది.

ఇంకో సంగతి. వాళ్ళ పాత పనిమనిషి ట్యాబీ ముసలిదైపోయి, కళ్ళు సరిగ్గా కనపడక, బంగాళాదుంపల్లో నల్ల మచ్చలు వదిలేసేది. పని మానిపిస్తే నొచ్చుకుంటుందని, షార్లెట్ రాస్తున్నది ఆపి, ట్యాబీ చూడకుండా గిన్నె తీసుకెళ్ళి, ఆ మచ్చలన్నీ కోసేసి మళ్ళీ చప్పుడు చెయ్యకుండా అక్కడే పెట్టేదట. మంచి ఊపులో రాస్తున్నా సరే లేచేది. షార్లెట్ జీవితచరిత్ర రాసిన నవలా రచయిత్రి ఎలిజబెత్ గాస్కెల్ ఈ సంగతి రాయకపోతే మనకి తెలిసేది కాదు.

చింతచెట్టు (ఒంగోలు) | ఆదివారం, ఉదయం 8:20

మేష్టారూ, ఒక అనుమానం. మొదట మగ పేర్లు పెట్టుకుని రాశారు కదా? తండ్రి ఒప్పుకోడనా?

ఓరుగల్లు మేష్టారు | ఆదివారం, ఉదయం 9:02

తండ్రికి అసలు చెప్పనే లేదు బాబూ. ‘జేన్ ఐర్’ అచ్చయి పేరొచ్చాక పుస్తకం తీసుకెళ్ళి చేతిలో పెట్టింది. భయం బయటివాళ్ళతోనే. ఇరవై ఏళ్ళప్పుడు షార్లెట్ తన కవితలు ఆస్థానకవి రాబర్ట్ సదీకి పంపింది. సాహిత్యం ఆడదాని జీవితానికి వృత్తి కాలేదు, కాకూడదు అని ఆయన 1837 మార్చిలో జవాబిచ్చాడు. ఆ ఉత్తరం కవరు మీద ‘సదీ సలహా, ఎప్పటికీ దాచుకోవాలి’ అని రాసుకుంది, తన ఇరవై ఒకటో పుట్టినరోజున. దాచుకుంది, రాయడం మానలేదు.

1846లో ముగ్గురూ సొంత డబ్బుతో కవితలు అచ్చువేసుకున్నారు. కర్రర్, ఎల్లిస్, ఆక్టన్ బెల్ అని పేర్లు. అవి ఆడ పేర్లో మగ పేర్లో తేలకుండా పెట్టుకున్నారు. ఏడాదిలో అమ్ముడుపోయినవి రెండు కాపీలు.

మల్లెపందిరి | ఆదివారం, ఉదయం 11:30

రెండే రెండు కాపీలా! ఆ తర్వాత కూడా కూర్చుని నవలలు రాశారంటే వాళ్ళ గుండెధైర్యానికి దణ్ణం పెట్టాలి.

లీడ్స్ అమ్మాయ్, బంగాళాదుంపల సంగతి మా అమ్మకి చదివి వినిపించాను. ‘మంచి పిల్ల’ అంది. అంతకంటే పెద్ద మెప్పు మా ఇంట్లో లేదు.

డబ్బు సంగతి ఎవరైనా చెప్పండి.

రాత్రి చదువరి (విజయవాడ) | ఆదివారం, మధ్యాహ్నం 3:15

డబ్బు లెక్కలు నేను చెప్తాను, నాకు ఇష్టమైన విషయం. షార్లెట్ 1841లో ఒక ఇంట్లో పిల్లలకి చదువు చెప్తూ ఏడాదికి 20 పౌండ్లకి కుదిరింది. బట్టలు ఉతికినందుకు అందులో 4 పౌండ్లు కోసుకునేవాళ్ళు. చేతికి 16. ‘జేన్ ఐర్’కి మొత్తం మీద ముట్టింది 500 పౌండ్లు. ఎమిలీ, ఆన్ల సంగతి దీనికి తలకిందులు. న్యూబీ అనే పబ్లిషర్ ‘వుదరింగ్ హైట్స్’, ‘ఆగ్నెస్ గ్రే’ వెయ్యడానికి వాళ్ళ దగ్గరే 50 పౌండ్లు తీసుకున్నాడు. అమ్ముడుపోయాక తిరిగిస్తానన్నాడు, ఇవ్వలేదు.

అప్పట్లో కొత్త నవల మూడు సంపుటాలుగా వచ్చేది. ధర 31 షిల్లింగుల 6 పెన్నీలు. మామూలు కుటుంబం కొనే బేరం కాదు. అందుకే అందరూ మ్యూడీ లైబ్రరీలో ఏడాదికి ఒక గిన్నీ, అంటే 21 షిల్లింగులు కట్టి అద్దెకి తెచ్చుకునేవాళ్ళు. మన చిన్నప్పుడు సందు చివర అద్దె పుస్తకాల షాపు ఉండేది చూడండి, అమ్మలు, అత్తలు మధ్యాహ్నం వంటిల్లు సర్దుకుని వెళ్ళి సీరియల్ నవలలు మార్చుకొచ్చేవాళ్ళు. దాదాపు అదే పద్ధతి. తేడా ఏంటంటే మ్యూడీకి నచ్చకపోతే ఆ పుస్తకం బతకడం కష్టం. కూతురి చేతికి ఇవ్వదగ్గదా కాదా అని చూసేవాడు.

పెళ్ళయిన రచయిత్రుల సంగతి ఇంకా ఘోరం. 1870లో చట్టం వచ్చేదాకా భార్య సంపాదన భర్తదే. అది కూడా 1882లో గానీ పూర్తిగా సరికాలేదు. గాస్కెల్‌కి ఒక కథ రాసినందుకు డికెన్స్ పత్రిక నుంచి 20 పౌండ్లు వచ్చాయి. ఇంత డబ్బా అని ఆమె ఆశ్చర్యపోతుంటే, భర్త తాపీగా తీసి జేబులో పెట్టుకుని బొత్తం వేసుకున్నాడని స్నేహితురాలికి రాసింది. ఆయన చెడ్డవాడేం కాదు. 1845లో తొమ్మిది నెలల కొడుకు చనిపోయి ఆమె కుమిలిపోతుంటే, మనసు మళ్ళించుకోవడానికి నవల రాయమని చెప్పింది ఆయనే. అదే ‘మేరీ బార్టన్’. మాంచెస్టర్ మిల్లు కూలీల ఆకలి కథ. కానీ చట్టం అలా ఉంది.

చివరికి గాస్కెల్ తన డబ్బుతో, భర్తకి చెప్పకుండా, ఊరికి దూరంగా హాంప్‌షైర్‌లో ఒక ఇల్లు కొంది. రిటైరయ్యాక ఆయన్ని తీసుకెళ్ళి చూపించి ఆశ్చర్యపరుద్దామని. 1865 నవంబరులో ఆ ఇంట్లోనే, కూతుళ్ళతో టీ తాగుతూ మాట్లాడుతూ ఉండగా ప్రాణం పోయింది. ఆమె బతికుండగా ఆయనకి ఆ ఇల్లు చూపించనే లేదు. ‘వైవ్స్ అండ్ డాటర్స్’ చివరి భాగం మిగిలిపోయింది.

కృష్ణ ఒడ్డు (హైదరాబాద్) | ఆదివారం, సాయంత్రం 6:48

జార్జ్ ఎలియట్ పేరు ఇంకా రాలేదేంటి? నా దృష్టిలో వీళ్ళందరిలోకీ పెద్దది ఆవిడే. అసలు పేరు మేరీ ఆన్ ఇవాన్స్. జార్జ్ హెన్రీ లూయిస్‌తో 1854 నుంచి ఆయన పోయేదాకా కలిసి ఉంది. ఆయనకి అప్పటికే భార్య ఉంది, విడాకులు దొరికే దారి లేదు. దాంతో మర్యాదస్తుల ఇళ్ళ తలుపులన్నీ ఈవిడకి మూసేశారు. లూయిస్‌ని మాత్రం అందరూ భోజనాలకి పిలిచేవాళ్ళు. సొంత అన్న ఐజాక్, ఈ సంగతి తెలిసిన దగ్గర్నుంచి మాట్లాడటం మానేశాడు. 1880లో, లూయిస్ పోయాక, ఆవిడ జాన్ క్రాస్‌ని చట్టప్రకారం పెళ్ళాడితే అప్పుడు శుభాకాంక్షలు రాశాడు. ఆ డిసెంబరులోనే ఆవిడ కన్నుమూసింది.

‘ది మిల్ ఆన్ ది ఫ్లాస్’లో మ్యాగీ, టామ్ అన్నాచెల్లెళ్ళ కథ చదివేటప్పుడు ఇది గుర్తుంచుకోండి. చిన్నప్పుడు అన్న వెనకాలే తిరిగిన పిల్ల, పెద్దయ్యాక అదే అన్న తలుపు మూస్తే ఎలా ఉంటుందో రాసింది. నాకు మా అక్క గుర్తొచ్చింది. కులాంతర వివాహం చేసుకుందని మా నాన్న పదకొండేళ్ళు మాట్లాడలేదు. ఆ పుస్తకం చివరి పేజీలు నేను బస్సులో చదవలేకపోయాను, ఇంటికొచ్చి చదివాను.

డబ్బు సంగతి అంటారా, ‘రొమోలా’కి ఆవిడకి 7000 పౌండ్లు ఇచ్చారు. చట్టప్రకారం పెళ్ళి కాలేదు కాబట్టి ఆ సంపాదన మీద హక్కు కూడా ఆవిడదే. అందులోంచి లూయిస్ భార్యకీ, పిల్లలకీ కూడా ఖర్చులు వెళ్ళేవి.

రాత్రి చదువరి | ఆదివారం, రాత్రి 9:30

ఎలియట్ గొప్పతనాన్ని కాదనను. ‘మిడిల్‌మార్చ్’ నేనూ రెండుసార్లు చదివాను. కానీ పెద్దది ఆవిడే అని తేల్చేస్తే ఒకరికి అన్యాయం జరుగుతుంది. మార్గరెట్ ఒలిఫాంట్ పేరు ఎంతమంది విన్నారు?

1859లో రోమ్‌లో భర్త క్షయతో పోయాడు. చేతిలో ఇద్దరు పిల్లలు, కడుపులో ఒకరు. నెత్తి మీద సుమారు వెయ్యి పౌండ్ల అప్పు. పరాయి దేశం. అక్కడి నుంచి కలం పట్టుకుని బతికింది. తర్వాత అన్న కుటుంబం చితికిపోతే వాళ్ళ పిల్లల్ని కూడా తనే పెంచింది. ఎంత రాసిందంటే నవలలే వందకి దగ్గర. పగలంతా ఇంట్లో జనం. రాత్రి అందరూ పడుకున్నాక తప్ప రెండు గంటలు వరసగా కూర్చునే వీలు తనకి దొరకలేదని రాసుకుంది. ముగ్గురు పిల్లలూ కళ్ళముందే పోయారు, కూతురు పదేళ్ళకి, కొడుకులు పెద్దయ్యాక. ఆత్మకథలో ఎలియట్ గురించి ఒక మాట అంది. ఆవిడలా నన్నూ ఎవరైనా అపురూపంగా కాపాడి ఉంటే ఇంకా బాగా రాసి ఉండేదాన్నేమో అని. ఎలియట్‌కి లూయిస్ ఉన్నాడు. చెడ్డ సమీక్షలు ఆవిడ కంట పడకుండా దాచేవాడు. ఒలిఫాంట్‌కి ఎవరున్నారు?

నేను పగలు ఉద్యోగం, సాయంత్రం ట్యూషన్లు, రాత్రి పదకొండు తర్వాత అనువాదాలు చేస్తాను. అందుకే ఆవిడంటే నాకు సొంత మనిషిలా అనిపిస్తుంది.

కృష్ణ ఒడ్డు | ఆదివారం, రాత్రి 9:52

ఆవిడ పడ్డ కష్టం విషయంలో మీతో వంద శాతం ఒప్పుకుంటాను. కానీ కష్టాన్ని బట్టి నవలకి మార్కులు వెయ్యలేం కదండీ. వందలో ఎన్ని నిలబడ్డాయి?

రాత్రి చదువరి | ఆదివారం, రాత్రి 10:10

నిలబడటం అంటే ఎవరు అచ్చువేస్తూ ఉన్నారు, ఎవరు పాఠాల్లో పెట్టారు అనే కదా. ‘మిస్ మార్జొరీబ్యాంక్స్’ చదవండి, ‘హెస్టర్’ చదవండి, తర్వాత మాట్లాడుకుందాం. మల్లెపందిరి గారూ, ‘హెస్టర్’ ముఖ్యంగా మీ కోసం. అందులో క్యాథరిన్ వెర్నన్ అనే ఆవిడ, డిపాజిట్లు వెనక్కి తీసుకోవడానికి జనం ఎగబడబోతుంటే, తన సొమ్ము పెట్టి కుటుంబ బ్యాంకుని నిలబెడుతుంది. ముసలితనంలో ఆవిడకీ, హెస్టర్ అనే పడుచుపిల్లకీ మధ్య సాగే పోరే కథ. 1883లో రాసింది.

మల్లెపందిరి | ఆదివారం, రాత్రి 10:41

బ్యాంకు నడిపే ఆడమనిషా! రాసిపెట్టుకున్నాను.

చింతచెట్టు | సోమవారం, ఉదయం 7:55

రాత్రంతా మీ మాటలే చదువుకుంటూ కూర్చున్నాను. నాకు ఒక విషయం మింగుడుపడట్లేదు. ఆన్ బ్రాంటీ ‘ది టెనెంట్ ఆఫ్ వైల్డ్‌ఫెల్ హాల్’ నేను పోయినేడాది చదివాను. తాగుబోతు మొగుడి ముందు పడగ్గది తలుపు వేసుకునే భార్య, తర్వాత కొడుకుని తీసుకుని ఇల్లు వదిలి, మారుపేరుతో బొమ్మలు గీసి అమ్ముకుని బతికే భార్య. ఇది 1848లో రాసిందంటే నమ్మలేకపోయాను. మా ఇంట్లో కూడా తాగుడు ఉండేది, చిన్నప్పుడు చూసినవాణ్ణి. ఆ అమ్మాయి ఒక్క అక్షరం అబద్ధం రాయలేదు.

అలాంటి పుస్తకాన్ని, ఆన్ చనిపోయాక, మళ్ళీ అచ్చు వెయ్యాల్సిన అవసరం లేదని ఆపింది సొంత అక్క షార్లెటే. ఆ వస్తువు ఎంచుకోవడమే పొరపాటని రాసింది కూడా. బంగాళాదుంపలు కోసిపెట్టిన మంచి మనసు చెల్లెలి పుస్తకం దగ్గర ఏమైపోయింది?

ఓరుగల్లు మేష్టారు | సోమవారం, ఉదయం 10:20

కోపం న్యాయమైనదే. షార్లెట్ చేసింది తప్పని నేనూ అంటాను. ముప్పై ఏళ్ళు పాఠం చెప్పినన్నాళ్ళూ అన్నాను. అయితే ఆ రోజులు ఎలాంటివో చూడండి. తమ్ముడు బ్రాన్‌వెల్ 1848 సెప్టెంబరులో పోయాడు, తాగుడు, క్షయ. ఎమిలీ డిసెంబరు 19న. ఆన్ 1849 మే 28న, స్కార్‌బరో సముద్రపుగాలికి బాగుపడుతుందని తీసుకెళ్తే అక్కడే. ఎనిమిది నెలల్లో ముగ్గురు. ఆ పుస్తకంలో తాగుబోతు పతనాన్ని ఆన్ ఎవర్ని చూసి రాసిందో ఇంట్లో ఉన్న షార్లెట్‌కి తెలుసు. సమీక్షకులేమో మోటు రాతలని, ఆడవాళ్ళు చదవకూడదని తిట్టిపోశారు. చెల్లెళ్ళు పోయాక వాళ్ళ పేరుని కాపాడాలనుకుంది. కాపాడబోయి తొక్కేసింది.

ఆన్ మాత్రం రెండో ముద్రణ ముందుమాటలోనే జవాబు ఇచ్చుకుంది. నవల ఎవరు రాసినా ఆడా మగా ఇద్దరూ చదవడానికే రాయాలి, మగవాడు రాస్తే తప్పుకానిది ఆడది రాస్తే ఎందుకు తప్పవుతుంది అని.

లీడ్స్ తెలుగమ్మాయి | సోమవారం, మధ్యాహ్నం 1:05

స్కార్‌బరోలో ఆన్ సమాధి దగ్గరికి వెళ్ళాను. కోట కింద, సముద్రం కనపడే చోటు. ఉప్పుగాలికి రాయి మీద అక్షరాలు కొట్టుకుపోయాయి. ఆ రాయి మీద ఆమె వయసు 28 అని తప్పు చెక్కారు. నిజానికి 29. అక్కాతమ్ముళ్ళందరిలో తను ఒక్కతే హవర్త్‌కి దూరంగా ఉంది. చింతచెట్టు గారూ, మీరు రాసింది చదివాక మళ్ళీ ఒకసారి వెళ్ళాలనిపిస్తోంది.

ఓరుగల్లు మేష్టారు | సోమవారం, సాయంత్రం 5:30

‘టెనెంట్’ చదవబోయేవాళ్ళకి ముఖ్యమైన సంగతి మర్చిపోయాను. షార్లెట్ కాదన్నా, 1854లో ఒక పబ్లిషర్ చౌక ఎడిషన్ వేశాడు. ఒక్క సంపుటంలో ఇరికించడానికి మొదట్లో ఉన్న ఉత్తరం తీసేశాడు, మధ్యలో అక్కడక్కడా పేరాలు ఎగరగొట్టాడు. ఆ తర్వాత చాలామంది ఆ కోసేసిన ప్రతినే కాపీ కొట్టి అచ్చువేశారు. నెట్‌లో ఊరికే దొరికేవాటిలో కూడా అలాంటివి ఉన్నాయి.

గుర్తుపట్టడం తేలిక. పుస్తకం హాల్‌ఫర్డ్ అనే స్నేహితుడికి రాసిన ఉత్తరంతో మొదలవ్వాలి. అది లేకుండా నేరుగా 1827 శరత్కాలానికి వెళ్దాం రమ్మంటూ మొదలైతే, మీ చేతిలో ఉన్నది కోతల పుస్తకమే.

మల్లెపందిరి | సోమవారం, రాత్రి 10:15

మేష్టారూ, చింతచెట్టు గారి మాట చదివి మధ్యాహ్నం లంచ్ టైంలోనే డౌన్‌లోడ్ చేసి నాలుగు అధ్యాయాలు చదివేశాను. ఇప్పుడు తీసి చూస్తే మొదటి వాక్యమే 1827. ఉత్తరం లేదు. ప్రాణం ఉసూరుమంది. పూర్తి పుస్తకం ఏదో చెప్తే మళ్ళీ మొదట్నుంచి చదువుకుంటాను.

లీడ్స్ తెలుగమ్మాయి | సోమవారం, రాత్రి 11:20

అక్కా, సంక్రాంతికి కాకినాడ వస్తున్నాను. నా దగ్గర ఉత్తరంతో సహా మొత్తం ఉన్నది ఉంది, తెచ్చి ఇస్తాను. అమ్మగారికి రెండో కన్ను ఎప్పుడు చేస్తామన్నారు?

మల్లెపందిరి | సోమవారం, రాత్రి 11:26

ఫిబ్రవరిలో అన్నారు డాక్టర్ గారు. అప్పటికి పుస్తకం చేతిలో ఉంటుంది. ఈసారి పైకే చదవమంటోంది అమ్మ.